తనకు తానే బదులు టీచరు

తెల్లారకముందే ఫోను మోగితే న్యూ లీపాలో ఎవరూ గుండెలు బాదుకోరు. బళ్లో ఏ టీచరుకో జ్వరం తగిలిందనీ, ఆఫీసు చూసే లవాన్ హ్రూబీ ఆ పూటకి బదులు టీచర్ని వెతుకుతోందనీ అర్థం. ఆవిడ దగ్గరున్న వరసలో రిటైరైన నర్సు ఒకావిడ, పాస్టరు గారి భార్య, పందుల వ్యాపారంలో దివాలా తీసిన ఒకాయన ఉన్నారు. ఆ ఏడు ఆగస్టులో బడి తెరిచే రోజున, ఆ వరస చివర కొత్తగా చేరిన మనిషికి ఫోను వెళ్లింది.

"నాలుగో తరగతికి బదులు టీచరు కావాలి. రాగలవా?" అంది లవాన్.

"ఎవరికి బాగాలేదు?" అంది అవతల ఆర్డిస్ కుబిచెక్.

"మిసెస్ కుబిచెక్ రావడం లేదు."

"అయ్యో. ఎన్నాళ్లట?"

"నాకేం తెలుసు తల్లీ. నువ్వే చెప్పాలి."

ఇద్దరూ నవ్వలేదు. నవ్వితే ఇద్దరిలో ఒకరికి ఏడుపొస్తుందనీ, అది ఎవరికో ముందుగా చెప్పలేననీ లవాన్ తర్వాత నాకు బస్సు తాళాలిస్తూ చెప్పింది. ఆ బడి బస్సు నడిపేది నేనే. నా లైసెన్సు సంగతి సులువు. రెండేళ్లకోసారి డాక్టరు గోడ మీది అక్షరాలు చదవమంటాడు. అవి నాకు కంఠతా వచ్చు.

లోకంలో లైసెన్సు లేని పనీ లేదు, లైసెన్సుకీ పనికీ సంబంధం ఉన్న ఊరూ లేదు. నేను కొంతకాలం బతికిన ఒక డెల్టాలో పడవ నడిపేవాడికి ఈత పరీక్ష ఉండేది. ఒడ్డున నిలబడి చేతులాడిస్తే ప్యాసు. పాతకాలపు చీనాలో తలపండిన ముసలాళ్లు మనవళ్ల పక్కన కూర్చుని, ఏ కుగ్రామంలోనో గుమాస్తాగిరీ కోసం పరీక్షలు రాసేవారట. కొందరు రాస్తూ రాస్తూనే ప్రాణం విడిచేవారట. దాని గురించి చదివినప్పుడు వింతగా అనిపించింది. మిస్సోరి నది దాటి, ఈ మొక్కజొన్న సముద్రంలోకి వచ్చి, ఇక్కడి టీచర్ల మధ్య స్థిరపడ్డాక ఆ వింత కాస్తా పోయింది.

ఇక్కడి టీచరు లైసెన్సు ఐదేళ్లకోసారి కొత్తది చేయించుకోవాలి. అందుకు పీజీ స్థాయి క్రెడిట్లు ఆరు చూపించాలి. జీతమూ వాటి మీదే ఆధారపడి ఉంటుంది. జీతాల పట్టికలో పైనుంచి కిందికి సర్వీసు, ఎడమ నుంచి కుడికి చదువు. కిందికి దిగడానికి బతికుంటే చాలు, పక్కకి జరగాలంటే మాత్రం చదవాలి. అంచేత జూలై వస్తే ఊరి టీచర్లందరూ విద్యార్థులైపోతారు. ఆటల మాస్టారు 'గారడీ ద్వారా ఏకాగ్రత' అనే కోర్సు చేసి, మూడు బంతులు గాల్లో తిప్పడం నేర్చి, జీతంలో ఒక గడి పక్కకి జరిగాడు. బొమ్మల టీచరు పాత చెక్క వంతెనల మీద కోర్సు చేసింది. మా జిల్లాలో చెక్క వంతెన ఒక్కటీ లేదు. వీటి గురించి ఎవరూ ఎగతాళి చెయ్యరు. పిల్లల ముందు నిలబడేవాడు తానూ ఎక్కడో ఓ చోట పిల్లాడిలా కూర్చోవాలన్నది ఈ ఊరివాళ్లకి న్యాయంగానే తోస్తుంది. నాకూ అంతే.

ఆర్డిస్ వయసు అరవైకి దగ్గర. పొడుగు మనిషి, ఎముకలు గట్టివి. రొట్టె వచ్చిన ప్లాస్టిక్ సంచుల్ని కడిగి, దండెం మీద ఆరేసి, మళ్లీ వాడుతుంది. చదువు ముగించుకుని వచ్చిన ఏడాది నుంచీ నాలుగో తరగతి గది ఆవిడదే. ఆ గది కిటికీలోంచి ధాన్యం గోదాములు కనపడతాయి. గోడలకి పసుపు రంగు వేసింది ఆవిడ భర్త ల్యూమిర్. ఆయన వ్యవసాయం చేస్తాడు, పెళ్లిళ్లలో అకార్డియన్ వాయిస్తాడు. పిల్లలు లేరు. "ఏటా పాతికమంది పుడుతున్నారుగా" అంటాడు ల్యూమిర్.

ఈ మనుషుల గురించి ఒక్క మాట చెప్పకపోతే తర్వాతి కథ అర్థం కాదు. చెక్ దేశం నుంచి వచ్చిన వీళ్ల తాతలు మెచ్చుకోలు మాటల్ని ఓడలోనే వదిలేసి వచ్చినట్టున్నారు. పంట విరగపండి గోదాములు పొంగిపొర్లినా, కొలాచె రొట్టెల్లో గసగసాల ముద్ద అమృతంలా కుదిరినా, కొడుకు లంగరు వేసినట్టు నిలబడి ఫుట్‌బాల్ ఆట గెలిపించినా, వీళ్ల నోట వచ్చే మాట ఒకటే: "అంత చెడ్డగా లేదు." దానికి మించిన పొగడ్త ఈ ఊళ్లో లేదు. ఫైరు స్టేషను హాల్లో జరిగిన ఊరి డాన్సులో ల్యూమిర్ ఆర్డిస్‌ని పెళ్లి చేసుకోమని అడుగుతూ, "నువ్వు అంత చెడ్డదానివేం కాదు" అన్నాడట. ఇంత పొగిడేవాడు నమ్మదగినవాడేనా అని ఆవిడ వారం ఆలోచించిందట.

ఇక ఆవిడ లైసెన్సు ఎలా పోయిందో చెప్తాను. ఆ ఏడుతో దాని గడువు తీరుతోంది. మూడు క్రెడిట్లు ముందే ఉన్నాయి. మిగతా మూడింటి కోసం ఆ వేసవిలో పక్క జిల్లా కాలేజీలో 'నది పక్షులతో లెక్కలు' అనే కోర్సులో చేరింది. ఆ కాలేజీలో ఒకే క్లాసుకి రెండు నంబర్లుంటాయి. నాలుగుతో మొదలయ్యే నంబరు మామూలు డిగ్రీ వాళ్లకి, ఎనిమిదితో మొదలయ్యేది పీజీ వాళ్లకి. గది అదే, ప్రొఫెసరు అతనే, కొంగలూ అవే. పీజీ వాళ్లు చివర్లో ఒక వ్యాసం ఎక్కువ రాయాలి, ఫీజు కొంచెం ఎక్కువ కట్టాలి. ఆర్డిస్ పేరు నమోదు చేసుకునేటప్పుడు, రెండూ ఒకటే అయినప్పుడు చవకది ఎందుకు వదలాలి అనుకుంది. రొట్టె సంచులు ఆరేసే మనిషి మరి. తమాషా ఏమిటంటే, రాయనక్కర్లేని ఆ ఎక్కువ వ్యాసం కూడా ముచ్చటపడి రాసింది. దానికి క్లాసులో అందరికన్నా మంచి మార్కు వచ్చింది. అయినా ఆవిడ కూర్చున్నది నాలుగు నంబరు కుర్చీలో. పీజీ చదువు చదివింది గానీ పీజీ క్రెడిట్లు రాలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారే, ఇక్కడ పూజారి కూడా ఇచ్చాడు, గుడి గుమ్మం మాత్రం తప్పింది.

బడి తెరిచే ముందురోజు ప్రిన్సిపాల్ ఆవిణ్ణి గదికి పిలిచాడు. ఆయన పేరు డ్వేన్ ప్రొహాస్కా. చిన్న ఊరు కాబట్టి ప్రిన్సిపాలూ, సూపరింటెండెంటూ, బాస్కెట్‌బాల్ కోచ్‌ కూడా ఆయనే. ఒకప్పుడు నాలుగో తరగతిలో ఆర్డిస్ శిష్యుడు. ఇప్పటికీ ఆవిడ గదిలోకి వస్తే లేచి నిలబడతాడు.

"మిసెస్ కుబిచెక్, రేపట్నుంచి మీరు మీ తరగతికి వెళ్లడానికి లేదు."

"సరే డ్వేన్. మరి పిల్లల్ని ఎవరు చూస్తారు?"

"బదులు టీచర్ని పెట్టాలి."

"ఎవరున్నారు?"

డ్వేన్ బూట్ల వైపు చూసుకున్నాడు. బదులు టీచరుకి అంత పెద్ద లైసెన్సు అక్కర్లేదు, కొద్దిపాటి కాలేజీ చదువు ఉంటే చాలు. ఆ కొద్దిపాటి అర్హత మిసెస్ కుబిచెక్‌కి పుష్కలంగా ఉందని ఆయన మెల్లగా చెప్పాడు. రెండో విషయం ఇంకా మెల్లగా చెప్పాడు. అక్టోబరులో బోర్డు సమావేశం అయ్యేలోపు ఆవిడకి లైసెన్సు రాకపోతే, నాలుగో తరగతికి శాశ్వతంగా వేరే టీచర్ని తీసుకుంటారు. పసుపు గోడల గది పోతుంది. అరవై దగ్గరపడ్డ మనిషికి ఈ చుట్టుపక్కల ఇంకో గది దొరకదు.

ఆవిడ తలూపి, ఇంటికి వెళ్లి, మర్నాడు రాబోయే బదులు టీచరు కోసం సూచనలు రాసింది. ఈ ఊళ్లో సెలవు పెట్టే టీచరు ఎర్ర ఫోల్డరులో అన్నీ రాసి పెట్టడం రివాజు. ఏ పాఠం ఎక్కడిదాకా వచ్చింది, ఎవరికి వేరుశనగలు పడవు, ఎవరిని కిటికీ పక్కన కూర్చోబెట్టకూడదు. పొద్దున్నే ఆవిడే వచ్చి, అతిథుల కోసం కేటాయించిన చోట కారు పెట్టి, ఛాతీకి అతిథి చీటీ అంటించుకుని, లవాన్ తలుపు తాళం తీసేదాకా వరండాలో నిలబడింది. బదులు టీచరుకి తాళం చెవి ఇవ్వరు. లోపలికి వెళ్లి ఫోల్డరు తెరిచి, తను రాసిందంతా తనే మొదటినుంచి చదివింది. సాయంత్రం బదులు టీచరు హోదాలో అసలు టీచరుకి ఒక ముక్క రాసి పెట్టింది: క్లాసు బాగానే జరిగింది, మీ సూచనలు కాస్త పొడుగు.

"ఇంతకీ రాత్రి భోజనానికి వచ్చింది అసలా, బదులా?" అని ల్యూమిర్ ఆ రోజు నుంచి రోజూ అడగడం మొదలెట్టాడు. ఆవిడ బంగాళాదుంపలు వడ్డించేది.

పిల్లల సంగతి నా బస్సులోనే తేలింది. బదులు టీచరు వచ్చిన రోజున పిల్లలు పేర్లు మార్చుకోవడం ఏ దేశంలోనైనా ఉన్నదే, ఇక్కడ మాత్రం అది దాదాపు మతం. తాతలు చేశారు, తండ్రులు చేశారు. ఆ పొద్దున మారిసోల్ ఇబార్రా నా వెనక సీటులో మోకాళ్ల మీద నిలబడి ఎవరికి ఎవరి పేరో పంచుతోంది. ఆ పిల్ల తండ్రి మాంసం ఫ్యాక్టరీలో ఫోర్‌మన్. పంపకాలు ఎలా చెయ్యాలో ఆ పిల్లకి పుట్టుకతో తెలుసు. తను టెస్సా, టెస్సా ఇంకెవరో, బ్రెకెన్ వాన్యెక్ ఏమో మారిసోల్. బ్రెకెన్‌కి తన వాటా నచ్చలేదు. అదీగాక వచ్చేది మిసెస్ కుబిచెక్ కదా, ఆవిడకి మనందరం తెలుసు కదా అని గొణిగాడు.

"ఇవాళ ఆవిడ బదులు టీచరు. బదులు టీచరుకి మనం తెలీదు. రూలంటే రూలే, నోరు మూసుకో" అంది మారిసోల్.

హాజరు పిలిచినప్పుడు మారిసోల్ అంటే బ్రెకెన్ చెయ్యెత్తాడు. ఆ కుర్రాణ్ణి జ్ఞానస్నానం రోజున చర్చిలో ఎత్తుకున్నది ఆర్డిసే. వాడి తండ్రికి భిన్నాలు నేర్పిందీ ఆర్డిసే. ఆవిడ కళ్లజోడు పైనుంచి వాణ్ణి ఓ క్షణం చూసి, హాజరు వేసుకుంది. మధ్యాహ్నం డ్వేన్ అదేమిటని అడిగితే, "బదులు టీచరుకి పిల్లలు ఎలా తెలుస్తారు డ్వేన్?" అని ఎదురడిగింది. ఈ ఊళ్లో రూలుకి రెండు కాళ్లుంటే, ఒకటి మారిసోల్, రెండోది ఆర్డిస్. ఇంటికెళ్లాక అసలు టీచరు చేతిరాతలు గుర్తుపట్టి మార్కుల్ని సరైన పేర్ల కింద సర్దేది.

ఆదివారం చర్చి మెట్ల మీద బ్రెకెన్ తల్లి ఆర్డిస్‌ని పట్టుకుని, ఆ బదులావిడ ఇంటిపని మరీ ఎక్కువ ఇస్తోందని ఫిర్యాదు చేసింది. కనుక్కుంటానంది ఆర్డిస్. సోమవారం ఎర్ర ఫోల్డరులో ఆ మాట రాసి ఉంది. బదులు టీచరు ఇంటిపని తగ్గించింది.

లైసెన్సు దారి మాత్రం ఒక్కటే మిగిలింది. అక్టోబరులోపు ముగిసే కోర్సు వెతగ్గా వెతగ్గా, దూరాన ఉన్న ఒక కాలేజీలో కంప్యూటరు మీద చెప్పేది దొరికింది. 'తోటి ఉపాధ్యాయులకు మార్గదర్శనం', మూడు క్రెడిట్లు. ఈసారి నంబరుని ల్యూమిర్ విత్తనాల బస్తా మీది అచ్చు చూసినట్టు వేలు పెట్టి రెండుసార్లు చూశాడు. ఎనిమిదితోనే మొదలైంది. కోర్సు నియమం ఏమిటంటే, అనుభవమున్న టీచరు తన తరగతే చెప్పే, తనకన్నా చిన్న హోదా టీచర్ని ఒకరిని ఎంచుకుని, వారి పాఠాలు గమనించి, సలహాలిచ్చి, నివేదికలు రాయాలి. ఊళ్లో నాలుగో తరగతి ఒక్కటే. ఆ తరగతి చెప్పే చిన్న హోదా టీచరు ఒక్కతే.

ఆర్డిస్ అబద్ధమాడే మనిషి కాదు. సంగతంతా విడమరిచి, ఆ బదులు టీచర్ని నేనేనండీ అని కోర్సు చెప్పే డాక్టర్ ఫెంటన్‌కి రాసింది. ఆ ఫెంటన్ తూర్పు తీరం నుంచి వచ్చిన చురుకైన మనిషి. నియమాలన్నీ తిరగేసింది. మార్గదర్శకులూ శిష్యులూ బంధువులు కాకూడదని ఒక నియమం ఉంది. బంధువులంటే తల్లి, తండ్రి, భార్య, భర్త, బిడ్డలు, తోబుట్టువులు అని వివరంగా చెప్పి ఉంది. తనకు తాను ఆ వరసలో లేదు. అభ్యంతరం లేదు, కానివ్వండి అని జవాబొచ్చింది.

ఇప్పుడు తన పాఠం తనే ఎలా గమనించాలి? ఆర్డిస్ గది వెనక ఒక కుర్చీ వేసి, దాని వీపుకి తన నీలం స్వెట్టరు తగిలించింది. పిల్లలు లెక్కలు చేసుకునే వేళ వెనక్కి వెళ్లి, స్వెట్టరు తొడుక్కుని, ఆ కుర్చీలో కూర్చుని ముందువైపు చూసేది. ముందు ఎవరూ ఉండేవారు కాదు. అయినా ఆవిడ చూసేది, రాసుకునేది. పిల్లలకి దాన్ని అర్థం చేసుకోవడానికి పెద్దవాళ్లకి పట్టినంత సేపు పట్టలేదు. మూడో రోజుకల్లా ఖాళీ స్వెట్టరు పక్కనుంచి నడిచేటప్పుడు గొంతు తగ్గించేవారు. బడి భోజనంలో మిరపకాయ బీన్సు కూరతో దాల్చినచెక్క చుట్ట రొట్టె పెట్టే రోజున మారిసోల్ ఓ రొట్టె ముక్క తెచ్చి ఆ కుర్చీలో పెట్టిందట.

ఒక రోజు బ్రెకెన్ బాత్రూముకి వెళ్తానంటే బదులు టీచరు వద్దంది. ఇందాకే వెళ్లొచ్చావుగా అంది. వాడు తిన్నగా వెనక్కి నడిచి, స్వెట్టరు ముందు నిలబడి, "మిసెస్ కుబిచెక్, నేను వెళ్లొచ్చా?" అని అడిగాడు. ఆర్డిస్ సుద్దముక్క కింద పెట్టి, నింపాదిగా వెనక్కి నడిచి, స్వెట్టరు తొడుక్కుని, బొత్తాలు పెట్టుకుని, కూర్చుంది.

"వెళ్లి రా నాన్నా. పాపం ఆవిడకి మన గది సంగతి తెలీదు."

మళ్లీ స్వెట్టరు విప్పి, ముందుకి వచ్చి, సుద్దముక్క తీసుకుంది. తిరిగొచ్చిన బ్రెకెన్ వైపు కోపంగానే చూసిందట. తనని దాటి పైవాళ్ల దగ్గరికి వెళ్లినందుకు.

నివేదికల్లో మాత్రం ఆర్డిస్ ఆ బదులు టీచర్ని చీల్చి చెండాడింది. గొంతు పొడిగా ఉంటుంది, గడియారం వైపు చూస్తుంది, తప్పు జవాబు వస్తే మొహం దాచుకోలేదు, నడుము తిన్నగా నిలపదు. డాక్టర్ ఫెంటన్‌కి ఇవి కొంచెం కటువుగా అనిపించినా మార్కులు ఇస్తూ వచ్చింది. చిక్కంతా చివరి పేజీ దగ్గర వచ్చింది. 'మీ శిష్యురాలిలోని గొప్పతనం ఏమిటి, ఆమె నుంచి మీరేం నేర్చుకున్నారు' అని నిండు పేజీ రాయాలి. అది రాస్తేనే ప్యాసు.

ఆర్డిస్ వంటింటి బల్ల దగ్గర మూడు సాయంత్రాలు కూర్చుని ఒక వాక్యం రాసింది: ఆవిడ అంత చెడ్డగా లేదు. పంపించాక, మరీ డప్పు కొట్టుకున్నానేమోనని చెవులెర్రబడ్డాయి. ఫెంటన్ దాన్ని తిప్పి పంపింది. ఇది పొగడ్త కాదు, పేజీ నిండలేదు, వారాంతంలోపు మళ్లీ రాసి పంపండి అంది. తూర్పు తీరం మనిషికి ఆ నాలుగు మాటల బరువు ఏం తెలుస్తుంది? ఈ ఊళ్లో అవి సమాధి రాతి మీద చెక్కించుకునే మాటలు.

ల్యూమిర్ సాయపడబోయాడు. నువ్వు గట్టిదానివని రాయమన్నాడు. కుర్చీ గురించి చెప్పినట్టుందని ఆవిడ కసిరింది. ఆయన ఇంకేం తోచక అకార్డియన్ తీసి ఒక పాట వాయించాడు, అది ఇంకా ఘోరంగా ఉంది. మర్నాడు ఆవిడ డ్వేన్ గదికి వెళ్లింది. ఆయన లేచి నిలబడ్డాడు.

"నేను రాయలేను డ్వేన్. ఆ గది కోసం నన్ను నేను పొగుడుకోవాలంటే, గది వదులుకోవడమే మర్యాద."

"మిమ్మల్ని ఎవరు పొగడమన్నారు? బదులు టీచరు గురించి కదా రాయాలి."

"ఆవిడ గురించి నాకేం తెలుసు? నేను వెనక కుర్చీలో ఉన్నప్పుడు ఆవిడ ముందు ఉండదు."

ఊరు ఊరంతా ఒక వెర్రిలో నడుస్తుంటే, దానిలోపల ఇంత కచ్చితమైన మాట వినపడటం ఆయనకి దెబ్బ తగిలినట్టయింది. చివరికి ఆయనకే గుర్తొచ్చింది.

"మా చిన్నప్పుడు మీరు సెలవు పెట్టి వచ్చాక మమ్మల్ని అడిగేవారు గుర్తుందా? బదులు టీచరు ఎలా ఉందిరా అని. మేం చెప్పేవాళ్లం. ఈ పిల్లల్నీ అడగండి."

శుక్రవారం సాయంత్రం బస్సులో ఎవరో మర్చిపోయిన టిఫిను డబ్బా ఇవ్వడానికి నేను లోపలికి వెళ్లాను. డ్వేన్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. చేత్తో ఆగమన్నాడు. ఆర్డిస్ నీలం స్వెట్టరులో, గది వెనక కుర్చీలో ఉంది. పిల్లలు కుర్చీలు అటు తిప్పుకుని కూర్చున్నారు. నేను లేనప్పుడు ఆవిడ ఎలా ఉండేది, నిజం చెప్పండి అని ఆర్డిస్ అడుగుతోంది.

ముందు ఇంటిపని ఎక్కువన్నారు. నవ్వదన్నారు. ఒకడు ఆవిడ బూట్లు కిర్రుమంటాయన్నాడు. ఆర్డిస్ అన్నీ రాసుకుంటోంది, అవన్నీ ఒప్పుకుంటున్నట్టు తలూపుతోంది. ఇదీ లాభం లేదనుకున్నాను.

అప్పుడు బ్రెకెన్ అన్నాడు. "ఆవిడకి మనం ఎంతవరకు వచ్చామో తెలీదు కదా. అందుకని ప్రశ్న అడిగి ఆగేది. మీరైతే, ఆ కుర్చీ దగ్గరికి లెక్క అడగడానికి వస్తే మేం నోరు తెరిచేలోపే చెప్పేస్తారు."

ఆర్డిస్ పెన్సిలు ఆగింది. నేను చెప్పేస్తానా అని అడిగింది. అందరూ తలూపారు.

"నాకు భాగహారం వచ్చింది ఆవిడ దగ్గరే" అన్నాడు వాడు. "చాలాసేపు ఆగింది. నాకు సిగ్గేసింది. అయినా ఆగింది. అప్పుడు వచ్చింది."

మారిసోల్ గొంతు సవరించుకుంది. "ఇంకోటి రాసుకోండి. ఆవిడ మమ్మల్ని తప్పు పేర్లతో పిలిచేది."

"అది తప్పే" అంది ఆర్డిస్.

"కాదు. మేమే తప్పు చెప్పాం. ఆవిడకి తెలుసు. తెలిసి కూడా ఒక్కరోజు కూడా మమ్మల్ని పట్టివ్వలేదు. నేను టెస్సాగా ఉన్నప్పుడు నాకు ఒంట్లో బాగాలేకపోతే, ఆఫీసు నుంచి మా అమ్మకి ఫోను చేయించింది. టెస్సా వాళ్లమ్మకి కాదు."

డ్వేన్ నా పక్కన ముక్కు తుడుచుకుని, పొలాల గట్ల మీద కలుపు పూసే కాలం కదా, పుప్పొడి పడదు అన్నాడు. ఆర్డిస్ పెన్సిలు మళ్లీ కదిలింది. ఈసారి ఆగకుండా రాసింది. మరి అది ఆవిడ చెప్పుకున్నది కాదు, పిల్లలు చెప్పింది. ఎవరో చెప్పింది చెప్పినట్టు రాయడంలో ఈ ఊరివాళ్లకి అభ్యంతరం లేదు. పేజీ నిండింది. వెనకవైపుకి కూడా పాకింది.

డాక్టర్ ఫెంటన్ ప్యాసు చేసింది. అంచున ఒక వ్యాఖ్య కూడా రాసిందట: మీ శిష్యురాలిని వదులుకోకండి. బోర్డు సమావేశం నాటి మధ్యాహ్నానికి లైసెన్సు వచ్చింది. ఆ మూడు క్రెడిట్లతో ఆర్డిస్ జీతాల పట్టికలో కుడివైపు చిట్టచివరి గడిలోకి జరిగింది. అక్కణ్ణుంచి ఇక జరగడానికి గోడే. బోర్డు వాళ్లు బదులు టీచరు సేవలకి ధన్యవాదాలు తెలిపి, మిసెస్ కుబిచెక్‌కి స్వాగతం పలికి, పార్కింగు గుంతల గురించి గంటన్నర వాదించుకున్నారు.

మర్నాడు బదులు టీచరుకి చివరి రోజు. పిల్లలు రంగు కాగితంతో కార్డు చేశారు, అందరూ మారుపేర్లతోనే సంతకాలు చేశారు. ఇద్దరు ఏడ్చారు. ఆర్డిస్ వాళ్లని ఓదార్చి, మీ టీచరు కూడా మంచిదే అంటారు, రేపు వస్తుందట అని చెప్పింది. అతిథి చీటీ ఊడదీసి లవాన్‌కి ఇచ్చింది. రాత్రి ల్యూమిర్ మామూలు ప్రశ్న అడిగితే, "అసలే. ఆవిడ వెళ్లిపోయింది" అందట. ఆయనకి ఎందుకో బెంగగా అనిపించి, అకార్డియన్ తీశాడు.

ఆ తర్వాతి రోజు నా బస్సులో ఎవరి పేర్లు వాళ్లకి తిరిగి వచ్చేశాయి. మారిసోల్ వాటిని అప్పులు వసూలు చేసినట్టు సీటు సీటుకీ తిరిగి రాబట్టింది. బ్రెకెన్ తన పేరు తను పుచ్చుకుని ఊపిరి పీల్చుకున్నాడు. సాయంత్రం తిరుగు ప్రయాణంలో, గోదాముల దగ్గర రైలు కోసం ఆగినప్పుడు, అద్దంలోంచి మారిసోల్‌ని అడిగాను, కొత్తగా వచ్చిన టీచరు ఎలా ఉందని.

ఆ పిల్ల కిటికీలోంచి రైలు పెట్టెల్ని చూస్తూ కాస్త ఆలోచించింది.

"అంత చెడ్డగా లేదు. ప్రశ్న అడిగి ఆగుతోంది. ఆ బదులావిడ దగ్గర కొంచెం నేర్చుకున్నట్టుంది."